ఊటీ, సిమ్లా ఇంచుమించు ఒకే ఎత్తు. బ్లూబెర్రీ లెక్క మాత్రం వేరు

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఊటీ, కోటగిరి, కూర్గు, సకలేశపురం వైపు ఎకరమో రెండెకరాలో కొనుక్కున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కాఫీ, మిరియాల సంగతైతే పక్క తోటవాళ్లని అడిగి తెలుసుకోవచ్చు. బ్లూబెర్రీ గురించి అడుగుదామంటే పక్క తోటలో అది ఉండదు. దాంతో సూపర్‌మార్కెట్‌లో అరచేయంత డబ్బా మీద ధర చూసి, "కొండ మీద చల్లగానే ఉంటుంది కదా" అన్న ధీమాతో, ఇంటర్నెట్‌లో ఎక్కువసార్లు కనబడిన పేరు పట్టుకుని మొక్కలు తెప్పిస్తారు. ఆ పేరు చాలాసార్లు బ్లూక్రాప్ అయి ఉంటుంది. మొదటి ఏడాది ఆకు బాగానే వస్తుంది. రెండో ఏడు నాలుగు పూలు. మూడో ఏడూ నాలుగే. మొక్క చావదు, కాయదు.

నేలలోనో, నీళ్లలోనో లోపం ఉండొచ్చు, వాటి దగ్గరికి తర్వాత వద్దాం. ముందు చూడాల్సింది ఆ రకం ఎలాంటి చలికాలానికి అలవాటుపడిందన్నది.

చలి గంటల లెక్క

బ్లూక్రాప్ లాంటివి హైబుష్, అంటే ఎత్తుగా పెరిగే బ్లూబెర్రీ రకాలు. హైబుష్ బ్లూబెర్రీ ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు అడవి పొద. 1911లో న్యూజెర్సీలో క్రాన్‌బెర్రీ తోటల కుటుంబానికి చెందిన ఎలిజబెత్ వైట్, అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ చేతులు కలిపి, అడవి పొదల్లో మేలైనవి ఏరి సంకరం చేసే పని పెట్టుకున్నారు. 1916లో తొలి పంట అమ్మకానికి వెళ్లింది. అంటే తోటపంటగా దీని వయసు నూరేళ్ల పైచిలుకే. అడవి అలవాట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. చలికాలం వచ్చి వెళ్లిందని రూఢి చేసుకున్నాకే మొగ్గ విప్పడం వాటిలో మొదటిది.

వానాకాలం చివర పగటి పొద్దు తగ్గుతున్నప్పుడు, ఆ ఏడు వచ్చిన కొత్త రెమ్మల కొసల్లో పూమొగ్గలు తయారవుతాయి. లావుగా, గుండ్రంగా ఉబ్బినట్టుండేవి పూమొగ్గలు. వాటి కిందుగా, సన్నగా కొమ్మకు అంటుకుని ఉండేవి ఆకుమొగ్గలు. చలి ముదిరాక రెండూ నిద్రపోతాయి. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే కిందకు దిగి గడిచిన సమయాన్ని చలి గంటలు అంటారు. బ్లూక్రాప్, డ్యూక్, జెర్సీ, ఇలియట్ లాంటి ఉత్తరాది రకాలకు ఈ గంటలు 800 నుంచి 1000 పైచిలుకు దాకా కావాలి. అంతకంటే బాగా తక్కువ పడితే మొగ్గలు సగం విచ్చుకుని సగం ఎండిపోతాయి, ఆకులు కొమ్మ కొసల్లోనే తలో కుచ్చుగా వస్తాయి, పూత రెండు నెలలు సాగుతుంది.

ఊటీ సముద్రమట్టానికి దాదాపు 2,240 మీటర్లు, సిమ్లా దాదాపు 2,200. ఎత్తులో తేడా లేనట్టే. అయితే జనవరిలో సిమ్లాలో పగటి గరిష్ఠం 10 డిగ్రీల చుట్టూ ఉంటుంది, రాత్రి సున్నాకు దగ్గరపడుతుంది. రోజుకు ఉజ్జాయింపుగా 15 చలి గంటలు వేసుకున్నా డెబ్భై రోజులకు వెయ్యి దాటుతుంది. ఊటీలో అదే జనవరిలో రాత్రి 5 డిగ్రీలకు దిగొచ్చు, తలైకుందా లాంటి పల్లపు చోట్ల గడ్డి మీద మంచు పేరుకోవచ్చు, కానీ పగలు 20 దాకా ఎక్కుతుంది. తెల్లవారుజామున నాలుగైదు గంటలు కూడినదాంట్లో కొంత మధ్యాహ్నపు ఎండ తీసేస్తుంది. ఖాతాలో రాత్రి వేసిన సొమ్ము పగలు ఖర్చు పెట్టినట్టే. మొత్తం మీద రెండు మూడు వందలు మిగిలితే గొప్ప. బెంగళూరులో అయితే, 920 మీటర్ల ఎత్తున్నా, డిసెంబరు రాత్రులు సగటున 15, 16 డిగ్రీల దగ్గరే ఆగుతాయి కాబట్టి ఖాతాలో సున్నా. హార్స్‌లీ హిల్స్, నంది హిల్స్‌కి కూడా పెద్ద తేడా రాదు. చలికి లంబసింగికి ఎంత పేరున్నా, అక్కడి చలి కూడా డిసెంబరు, జనవరి రాత్రులదే, ఎండెక్కగానే పోతుంది.

ఈ చిక్కు విప్పింది ఫ్లోరిడా. అక్కడి విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ షార్ప్ మొదలుపెట్టిన పనిలో, ఉత్తరాది హైబుష్‌ని ఫ్లోరిడాలో ఏడాది పొడవునా ఆకు రాల్చకుండా ఉండే వాక్సీనియం డారోవై అనే చిన్న పొదతో సంకరం చేశారు. అలా వచ్చినవే దక్షిణాది హైబుష్ రకాలు: షార్ప్‌బ్లూ, మిస్టీ, స్టార్, ఎమరాల్డ్, జ్యువెల్. ఆ తర్వాత మిసిసిపీ నుంచి 1998లో బిలాక్సీ వచ్చింది. ఇవి 150 నుంచి 400 చలి గంటలతో సరిపెట్టుకుంటాయి. అదే కోవకు చెందిన ఓనీల్‌కి ఇంకొంచెం ఎక్కువ కావాలి. బిలాక్సీ, ఎమరాల్డ్ లాంటివి ఆకు రాల్చకుండానే కాయగలవు. అందుకే దక్షిణ భారతపు కొండల మీద మాట్లాడుకోవాల్సినవి ఈ పేర్లే. బ్లూక్రాప్‌ని హిమాచల్, ఉత్తరాఖండ్, కశ్మీరు వాళ్లకు వదిలేయడం మేలు.

అసలు చలి ఉన్న కొండల్లో

అక్కడ చలి గంటలకు కొదవ లేదు, చిక్కు మరోచోట. చివరి మంచు పడే రోజుకీ, మళ్లీ మొదటి మంచు పడే రోజుకీ నడుమ ఎన్ని రోజులున్నాయన్నదే పంటను తేలుస్తుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సగటు ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీల దాకా తగ్గుతుంది, ఆ మేరకు ఈ గడువు కుంచించుకుపోతుంది. నిద్రలో ఉన్న మొగ్గ మైనస్ 25 డిగ్రీలను కూడా తట్టుకుంటుంది. విచ్చుకున్న పువ్వు మాత్రం మైనస్ 2 దగ్గరే నల్లబడుతుంది. కాబట్టి మొక్క చలికి ఎంత గట్టిదన్నది ఒక ప్రశ్న, ఎప్పుడు పూస్తుందన్నది వేరే ప్రశ్న. నర్సరీ కేటలాగుల్లో మొదటిదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

1987లో విడుదలైన డ్యూక్ ఈ రెండో ప్రశ్నకు చక్కని జవాబు. ఆలస్యంగా పూసి, తొందరగా పండుతుంది. వసంతపు మంచును తప్పించుకుని, మిగతావాటికంటే ముందే కోతకొస్తుంది. హిమాలయాల్లో దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఏప్రిల్ పూతకు జూన్‌లో పండు దిగితే జూలై వానలు ముసురుకునేలోపు కోత చాలావరకు ముగుస్తుంది. 1952 నాటి బ్లూక్రాప్ దాని తర్వాత వస్తుంది. నమ్మకంగా, ఏటా కాస్తుంది. ఒక్కోసారి మోయలేనంత కాసి మరుసటి ఏడు నీరసిస్తుంది, అందుకే కత్తెర తప్పదు. ఇలియట్ దిగుబడికి పెట్టింది పేరు, కానీ అన్నింటికంటే ఆఖరున పండుతుంది. ఎత్తైన చోట అది తీపెక్కేలోపే చలి వచ్చేస్తుంది, హిమాలయపు నడికొండల్లో అయితే నడి వానాకాలంలో పండి పగిలిపోతుంది, బూజు పట్టేస్తుంది. లోయలో ఎకరానికి ఎక్కువ టన్నులిచ్చే రకమే పైన తక్కువ ఇవ్వడం వెనక ఉన్నది ఇదే. పేట్రియాట్ చలికీ, కొంత తడి నేలకూ ఓర్చుకుంటుంది కానీ ముందుగా పూస్తుంది. అది పల్లంలో వద్దు, చల్లగాలి కిందకు జారిపోయే వాలులో పెట్టాలి. నార్త్‌లాండ్ నాలుగడుగులు మించని పొట్టి పొద. కొమ్మలు వంగే రకం కాబట్టి మంచు బరువుకి విరగవు. పండు చిన్నది, తాజాగా అమ్మడానికి అంత ఆకర్షణ ఉండదు, జామ్‌కి బాగుంటుంది.

నీలగిరుల్లో పద్ధతి

చలి సరిగా లేని కొండల్లో మొక్కని నిద్రపుచ్చాలని చూడకూడదు, మెలకువగానే ఉంచాలి. పెరూ ఎడారి తీరంలోనూ, కొలంబియాలో బొయాకా లాంటి ఎత్తైన ప్రాంతాల్లోనూ బిలాక్సీని పెంచేది ఇలాగే. పాత ఆకు ఆరోగ్యంగా చెట్టు మీదే ఉండాలి, ఎరువు, నీరు ఆపకూడదు. పూతనూ పిందెనూ మోసేది ఆ పాత ఆకే.

ఊటీ, కోటగిరి వైపు దీని క్యాలెండరు ఇలా కుదురుతుంది. మే ఆఖరుకు కోత ముగియగానే కత్తిరింపు. ఆరేళ్లు దాటిన ముసలి కొమ్మలను నేలదాకా తీసేసి, పొదకు ఎనిమిది నుంచి పన్నెండు బలమైన కొమ్మలు ఉంచాలి. కాసిన రెమ్మలను కొంత కుదిస్తే కొత్త చిగుళ్లు వస్తాయి. ఆగస్టు తర్వాత గట్టిగా కత్తిరించొద్దు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పూమొగ్గ కట్టాల్సిన రెమ్మలనే తీసేసినట్టవుతుంది. పొద్దు తగ్గడంతో పాటు వాతావరణం 20 డిగ్రీల చుట్టూ ఉంటే మొగ్గ బాగా కడుతుంది, 28 దాటితే తగ్గిపోతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత, మార్చి నుంచి మే దాకా పండు. పొడి నెలల్లో పండు రావడం మనకు కలిసొచ్చేది. పూతలో మంచు పడటం కలిసిరానిది. పల్లపు పొలమైతే పైనుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేకుండా దిగొద్దు.

ఈ పద్ధతిలో పెద్ద శత్రువు తుప్పు తెగులు. జూలై, ఆగస్టుల్లో ఆకు అడుగున నారింజ రంగు పొడి కనబడుతుంది, ఆకు గోధుమరంగు మచ్చలతో రాలిపోతుంది. సెప్టెంబరుకల్లా చెట్టు బోడిదైతే ఆ ఏడు పూత పోయినట్టే. కత్తిరింపు సరిగ్గా వానల మొదట్లోనే పడటం ఇంకో ఇబ్బంది. వర్షం లేని రెండు రోజులు చూసుకుని కత్తిరించి, అదే రోజు రాగి మందు కొట్టడం సురక్షితం.

మిస్టీ గురించి ఒక హెచ్చరిక. అది చూడముచ్చటగా, ఆకు కనబడకుండా పూస్తుంది. ఆ పూతంతా ఉంచేస్తే చిగురు రాదు, పండు శనగగింజంత ఉంటుంది, కొమ్మలు ఎండుతాయి. సగం పూమొగ్గలను నిర్దాక్షిణ్యంగా తుంచేయాలి. అసలు ఏ రకమైనా మొదటి రెండేళ్లు పూలన్నీ తీసేయాల్సిందే, ఆ మొక్క ముందు వేరు కట్టుకోవాలి.

దిగుబడి ఎక్కడ పోతుంది

ముదురు మొక్కకు 3 నుంచి 5 కిలోలు అని చదివి, ఎకరానికి సాళ్ల మధ్య 3 మీటర్లు, మొక్కల మధ్య 1.2 మీటర్లు లెక్కన 1,100 మొక్కలు వేసి గుణించేసుకోవడం అందరూ చేసేదే. ఆ అంకె ఆరు నుంచి ఎనిమిదేళ్ల మొక్కది, అదీ అన్నీ కుదిరిన చోట. దిగుబడిని ముక్కలు చేసి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

నాలుగేళ్ల మొక్కకు 300 పూమొగ్గలున్నాయనుకోండి. మొగ్గకు సగటున 7 పూలు, అంటే 2,100. వందకు అరవై పిందె కడితే 1,260 కాయలు. కాయ గ్రామున్నర తూగితే మొత్తం కిలో తొమ్మిది వందల గ్రాములు. ఇప్పుడు చల్లగాలి వల్లో, ముసురు వల్లో తేనెటీగలు బయటికి రాక పిందె వందకు ముప్ఫైకి పడిందనుకోండి. 630 కాయలు. గింజలు సరిగా కట్టక కాయ బరువు కూడా గ్రాముకు దిగుతుంది. చేతికొచ్చేది 630 గ్రాములు. మొక్క అదే, ఎరువు అదే, పోయింది కిలోకు పైనే.

కొండల మీద ఎక్కువగా దెబ్బతినేది ఈ పిందె దశే. బ్లూబెర్రీ పువ్వు కిందకు వేలాడే చిన్న గంటలా ఉంటుంది. పుప్పొడి తిత్తులకు కొసన సన్నటి రంధ్రాలు, ఉప్పు డబ్బా మూతలాంటివి. పురుగు పువ్వును పట్టుకుని ఒళ్లు కంపింపజేస్తేనే పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. పైగా 12 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే అది గూడు కదలదు. హిమాలయాల్లో ఈ పని చేసే బంబుల్‌బీలు ఉన్నాయి, దక్షిణ భారతంలో అవి సహజంగా లేవు. మనకున్నది తుమ్మెద, పొట్ట మీద నీలి చారలుండే అమెజిల్లా ఈగ. ఇవి కంపనం చేయగలవు, కానీ తుమ్మెదకు అడ్డదారి కూడా తెలుసు: పువ్వు మొదట్లో చీల్చి తేనె తాగి, పుప్పొడి ముట్టకుండా వెళ్లిపోతుంది. రాలిన పూల మొదట్లో సన్నటి గాటు కనబడితే జరిగింది అదే. మందు ఏమీ లేదు. తోట అంచున ఎండిన కొయ్య దుంగలు, ఏడాది పొడవునా పూసే పొదలు ఉంచి ఈగల సంఖ్య పెంచుకోవడం, పూతలో పురుగుమందు కొట్టకపోవడం, ఒకేసారి పూసే రెండు రకాలను పక్కపక్క సాళ్లలో వేయడం. ఎమరాల్డ్ పక్కన జ్యువెల్ వేసేది ఇందుకే. పరపరాగంతో కాయ పెద్దదవుతుంది, ముందుగానూ పండుతుంది.

నేల, నీరు

నీలగిరుల్లో నేల మనవైపే ఉంది. టీ కోరేది, బ్లూబెర్రీ కోరేది దాదాపు ఒకే ఆమ్లత్వం: పీహెచ్ 4.5 నుంచి 5.5. అక్కడి షోలా అడవుల్లో వాక్సీనియం జాతి పొదలు, వాటి చుట్టమైన రోడోడెండ్రాన్ సహజంగానే పెరుగుతాయి. కూర్గు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో మాత్రం జాగ్రత్త. ఏళ్ల తరబడి సున్నం, డోలమైట్ వేసిన నేల అది, ఒకే ఎకరంలో పీహెచ్ చోటుకో తీరుగా ఉంటుంది. పది చోట్ల అడుగు లోతు మట్టి తీసి పరీక్ష చేయించాలి. బెంగళూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకేలోనూ, హెసరఘట్ట దగ్గర ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్‌లోనూ చేస్తారు. అదే ట్రిప్పులో నీళ్ల నమూనా కూడా ఇవ్వండి.

పీహెచ్ 6 ఉంటే 4.5కి దించడానికి వంద చదరపు అడుగులకు ఇసుక నేలలో అరకిలో, గరప నేలలో కిలోన్నర గంధకం పొడి కావాలి. దాన్ని ఆమ్లంగా మార్చేది నేలలోని బాక్టీరియా, దానికి తడి, వెచ్చదనం, ఆరు నెలల నుంచి ఏడాది సమయం కావాలి. నాటే రోజు గుంతలో గంధకం వేస్తే లాభం లేదు. మట్టి మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగిందంటే అందులో సున్నం ఉన్నట్టు. ఆ నేలతో పోరాడటం డబ్బు దండగ, కుండీలకు మారిపోండి.

ఈ మొక్క వేళ్లకు నీళ్లు పీల్చే సన్నటి నూగు ఉండదు. తలవెంట్రుకల్లా సన్నగా పై అడుగు మట్టిలోనే అల్లుకుంటాయి. రెండు రోజులు నీళ్లు నిలిస్తే కుళ్లుతాయి, రెండు రోజులు ఆరితే ఎండుతాయి. అందుకే అడుగు నుంచి అడుగున్నర ఎత్తు బోదెల మీద నాటి, పైన నాలుగంగుళాల మందాన పైన్ ఆకులో, బెరడు ముక్కలో పరవాలి. నత్రజని అమ్మోనియం సల్ఫేట్ రూపంలోనే: మొదటి ఏడాది మొక్కకు 30 గ్రాములు, మూడు దఫాలుగా, కాండానికి జానెడు దూరంగా. ఏటా మరో 30 పెంచుతూ 200 గ్రాములు మించకుండా. నైట్రేట్ ఎరువులు దీనికి ఒంటబట్టవు, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లోని క్లోరైడ్ వేరును కాలుస్తుంది. పచ్చి పేడ, కోళ్ల ఎరువు, కట్టెల బూడిద మన అలవాటు కొద్దీ వేసేస్తుంటాం. మూడూ దీనికి చేటే.

బెంగళూరు మేడ మీద పెంచుదామనుకునేవాళ్లకు నేలతో పేచీ లేదు, నీళ్లతోనే ఉంది. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు బోరు నీళ్లలో బైకార్బొనేట్లు దండిగా ఉంటాయి. కుండీలో మిశ్రమాన్ని ఎంత ఆమ్లంగా కలిపినా, ఆ నీళ్లు రోజూ పోస్తే కొన్ని నెలల్లో పీహెచ్ ఏడుకు చేరుతుంది. అప్పుడు కొత్త ఆకు పసుపు రంగుకి మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. చాలామంది దానికి ఇనుము మందు కొంటారు. మట్టిలో ఇనుము ఉంది, ఆ పీహెచ్‌లో వేరు దాన్ని తీసుకోలేదు. వాననీళ్లు పట్టి పెట్టుకోవడం అన్నింటికంటే మంచి దారి. లేదంటే పది లీటర్ల నీళ్లకు 2 గ్రాముల సిట్రిక్ ఆమ్లంతో మొదలుపెట్టి, పీహెచ్ కాగితంతో చూసుకుంటూ 5, 5.5 మధ్యకు వచ్చేదాకా కొద్దికొద్దిగా పెంచండి. ఇది తాత్కాలికమే. సిట్రిక్‌ని సూక్ష్మజీవులు తినేస్తాయి కాబట్టి మళ్లీ మళ్లీ చేయాలి. బ్యాటరీ ఆమ్లం జోలికి వెళ్లొద్దు. ఫిల్టర్ కాఫీ పిప్పి వేస్తే పుల్లబడుతుందన్న నమ్మకం కూడా పక్కన పెట్టండి. కాఫీలోని ఆమ్లం డికాక్షన్‌తో పాటు మీ కప్పులోకి పోయింది, మిగిలిన పిప్పి దాదాపు తటస్థమే.

కుండీ 25 నుంచి 40 లీటర్లది, నల్ల ప్లాస్టిక్ కాకుండా లేత రంగుది లేదా గుడ్డ సంచి. పీట్‌మాస్ సగం, రెండు మూడుసార్లు కడిగి ఉప్పు తీసిన కోకోపీట్ మూడో వంతు, మిగతాది పెర్లైట్. తోటమట్టి అసలు కలపొద్దు. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం నీడ వల కావాలి. రకం బిలాక్సీ గానీ, మూడు నాలుగు అడుగులకే ఆగే సన్‌షైన్ బ్లూ గానీ. కంపించే టూత్‌బ్రష్‌ని పూలకాడకు ఆనిస్తే తుమ్మెద పని కొంత అది చేస్తుంది, పక్కింటివాళ్లు చూసి నవ్వితే నవ్వనివ్వండి. కుండీకి ఏడాదిలో కిలో దాటితే బాగా కాసినట్టే. సిద్ధాపుర నర్సరీల్లోనో, ఆన్‌లైన్‌లోనో కొనేటప్పుడు చీటీ మీద ఉత్తి 'బ్లూబెర్రీ' అని ఉంటే కొనకండి, రకం పేరు ఉండాలి.

కోతలో తొందర పనికిరాదు. కాయ నీలమైన రోజే తీపి రాదు, ఇంకో నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. తొడిమ చుట్టూ ఎర్రటి వలయం కనబడితే ఇంకా పుల్లనే, కోసి పెట్టినా తర్వాత తియ్యబడదు. వేలితో ఆనిస్తే ఊడి వచ్చేదే పండింది. అయిదారు రోజులకోసారి కోయాలి, మంచు తడి ఆరాక, పైనున్న తెల్లటి పొడి చెరిగిపోకుండా. నీలగిరుల్లో ఆ వారం రోజులూ పికిలిపిట్టలు ఊరుకోవు. కాయ రంగు తిరగకముందే వల కప్పి, అంచులు నేలకు ఆనించి రాళ్లు పెట్టాలి. కోసిన రెండు గంటల్లోపు నీడలో చల్లబరిచి, ఊటీ నుంచి బెంగళూరు దాకా ఏడెనిమిది గంటల దారిలో మంచు పెట్టెలో తెస్తే వారం, పది రోజులు నిలుస్తాయి. మైసూరు ఎండలో కారు డిక్కీలో పెట్టి తెస్తే ఇల్లు చేరేసరికి మెత్తబడతాయి.